ఫార్మాట్ కొట్టించే ముందు: బూట్ రిపేర్ ఎంతవరకు పనికొస్తుంది?

నల్లగొండ గడియారం సెంటరైనా, మహబూబ్‌నగర్ న్యూటౌన్ అయినా, కంప్యూటర్ షాపు ముందు ఐదు నిమిషాలు నిలబడితే ఈ సంభాషణ వినబడే అవకాశం ఉంది:

"అన్నా, ఆన్ చేస్తే నల్ల స్క్రీన్ మీద గ్రబ్ అని వచ్చి ఆగుతుంది. విండోస్ వస్తలేదు."

"ఓఎస్ పోయింది తమ్మీ, ఫార్మాట్ కొట్టాలె. సీ డ్రైవ్‌ల ఏమన్న ఉంటే ఆశ వదులుకో."

గ్రబ్ అంటే మిషన్ ఆన్ కాగానే ఏ ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) లేపాలో చూసే చిన్న లినక్స్ ప్రోగ్రామ్. ఒకే డిస్కులో విండోస్, లినక్స్ రెండూ ఉన్న మిషన్ (డ్యూయల్ బూట్) విషయంలో ఈ జవాబు చాలాసార్లు తప్పు. రెండింట్లో ఒకటి కనబడకుండా పోయినప్పుడు మామూలుగా చెడేది ఓఎస్ కాదు. దాన్ని లేపే కొన్ని చిన్న ఫైళ్లు చెడతాయి, లేదంటే మదర్‌బోర్డు చిప్‌లో రాసి ఉన్న ఒక పేరు చెరిగిపోతుంది. మిగతాదంతా ఎక్కడిదక్కడే ఉంటుంది. పెళ్లికార్డులు వేసే డీటీపీ సెంటర్‌లో ఫార్మాట్ కొడితే అను స్క్రిప్ట్, పేజ్‌మేకర్, ఏళ్ల తరబడి పోగేసిన ఫాంట్లు, సీజన్ మధ్యలో సగం కంపోజ్ అయిన మ్యాటర్ అన్నీ పోతాయి. మీసేవ సెంటర్‌లో అయితే వేలిముద్ర మిషన్ డ్రైవర్లు, డిజిటల్ సంతకం డాంగిల్ సాఫ్ట్‌వేర్, ప్రింటర్ సెట్టింగులు మళ్లీ మొదటినుంచి చేసుకోవాలి. షాపులో తీసుకునే నాలుగైదు వందలు ఈ నష్టం పక్కన లెక్కలోకే రావు.

ఈ పనికి ఉచితంగా దొరికే టూల్ పేరు బూట్ రిపేర్. 5కి 3.5 ఇవ్వొచ్చు. లినక్స్‌కు దారి పోయినప్పుడు చాలా మంచి పనిముట్టు, విండోస్‌కు దారి పోయినప్పుడు అంతంతమాత్రం. ఏది చెడిందో చూడకుండా పెద్ద బటన్ నొక్కితే ఉన్నది కూడా పోగొట్టగలదు. అందుకే బటన్ కంటే ముందు చూసుకోవాల్సినవే ఇక్కడ ఎక్కువ. కమాండ్లను పలికినట్టు తెలుగులోనే రాస్తున్నాం, టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాలు వాడండి.

ముందు టూల్ అక్కర్లేని కేసులు

మిషన్ ఆన్ చేయగానే బూట్ మెనూ (దేని నుంచి లేవాలో ఎంచుకునే జాబితా) తెరవండి. హెచ్‌పీలో ఎస్కేప్ కొట్టి ఎఫ్9, డెల్, లెనోవోల్లో ఎఫ్12, ఆసుస్ ల్యాప్‌టాప్‌లో ఎస్కేప్. ఏసర్‌లో కూడా ఎఫ్12 యే గానీ, ముందు ఎఫ్2 తో బయాస్‌లోకి (మదర్‌బోర్డు సెట్టింగుల్లోకి) వెళ్లి ఎఫ్12 బూట్ మెనూను ఎనేబుల్ చేయాలి. ఆ జాబితాలో "విండోస్ బూట్ మేనేజర్", "ఉబుంటు" (లినక్స్‌లో ఒక రకం) రెండూ ఉండి, రెండూ విడివిడిగా తెరుచుకుంటుంటే ఏదీ చెడలేదు. వరుస మాత్రమే మారింది. విండోస్ పెద్ద అప్‌డేట్ తర్వాత, బయాస్ అప్‌డేట్ తర్వాత ఇలా జరుగుతుంటుంది. బయాస్‌లో బూట్ ఆర్డర్‌కు వెళ్లి ఉబుంటును పైకి జరిపితే పని అయిపోయింది. లినక్స్ మింట్ (ఇంకో రకం) వాడేవాళ్లు ఒకటి గమనించాలి: మింట్ కూడా ఈ జాబితాలో "ఉబుంటు" అనే పేరుతోనే కనబడుతుంది. అది వేరే ఓఎస్ అనుకుని డిలీట్ చేసిన వాళ్లున్నారు.

కొన్ని హెచ్‌పీ మోడళ్లు బయాస్‌లో ఏ వరుస పెట్టినా మళ్లీ విండోస్‌నే ముందు లేపుతాయి. వాటికి మందు విండోస్ లోపలే ఉంది. అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో బీసీడీఎడిట్‌తో బూట్‌మేనేజర్ పాత్‌ను ఉబుంటు ఫోల్డర్‌లోని షిమ్ ఎక్స్64 ఫైలుకు (గ్రబ్‌ను లేపే ఫైలు) మార్చాలి. బూట్‌మేనేజర్ పేరు బూట్‌ఎంజీఆర్ అని, మీసాల బ్రాకెట్లలో ఉండాలి. పవర్‌షెల్‌లో ఈ బ్రాకెట్లు తేడా కొడతాయి కాబట్టి కమాండ్ ప్రాంప్ట్‌లోనే చేయండి.

రెండోది ఇంకా మామూలు ఫిర్యాదు. గ్రబ్ మెనూ వస్తుంది, అందులో లినక్స్ ఉంది, విండోస్ పేరే లేదు. గ్రబ్ 2.06 నుంచి ఇతర ఓఎస్‌లను వెతికే ఓఎస్ ప్రోబర్‌ను భద్రత కోసం డిఫాల్ట్‌గా ఆపేశారు. ఉబుంటు 22.04 నుంచి ఇది కనబడుతోంది. లినక్స్‌లోకి వెళ్లి ఈటీసీ ఫోల్డర్, డిఫాల్ట్ ఫోల్డర్, అందులో గ్రబ్ అనే ఫైలు తెరవండి. "గ్రబ్ డిజేబుల్ ఓఎస్ ప్రోబర్" అనే వరుసను ఈక్వల్ టు ఫాల్స్ అని పెట్టండి (ఆ నాలుగు మాటలూ పెద్ద అక్షరాల్లో, మధ్యలో అండర్‌స్కోర్లు, ముందు హ్యాష్ గుర్తు ఉంటే తీసేయాలి). తర్వాత టెర్మినల్‌లో సుడో అప్‌డేట్ గ్రబ్, రెండు మాటల మధ్య హైఫన్‌తో. "ఫౌండ్ విండోస్ బూట్ మేనేజర్ ఆన్" అనే వరుస కనబడిందంటే అయిపోయినట్టే. "ఓఎస్ ప్రోబర్ విల్ నాట్ బి ఎగ్జిక్యూటెడ్" అనే వరుస వస్తే మీరు మార్చింది సేవ్ కాలేదు, లేదా హ్యాష్ ఇంకా ఉంది. దీనికి షాపూ అక్కర్లేదు, పెన్‌డ్రైవూ అక్కర్లేదు.

ఓఎస్ ప్రోబర్ నడిచినా విండోస్ దొరకకపోతే, ఒకటి లెగసీ (పాత బయాస్) పద్ధతిలో, ఇంకోటి యూఈఎఫ్ఐ (కొత్త మిషన్ల) పద్ధతిలో ఎక్కించారేమో చూడండి. పాత డెస్క్‌టాప్‌లో ఎంబీఆర్ (పాత రకం పార్టిషన్ పట్టిక) డిస్కు మీద విండోస్ 7 కాలం నుంచి అప్‌గ్రేడ్ అవుతూ వచ్చిన విండోస్ 10 ఉండి, పక్కన లినక్స్‌ను యూఈఎఫ్ఐలో పెడితే, ఆ గ్రబ్ ఆ విండోస్‌ను లేపలేదు. రెండూ వేర్వేరు పద్ధతుల్లో ఉన్నంతవరకు ఏ టూలూ వాటిని కలపలేదు. బూట్ మెనూ నుంచి ఒక్కోదాన్ని ఎంచుకోవడమే సులువైన దారి.

బిట్‌లాకర్ తాళం

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. కొత్త ల్యాప్‌టాప్‌ల్లో, ముఖ్యంగా విండోస్ 11 24హెచ్2 తో మైక్రోసాఫ్ట్ అకౌంట్ పెట్టి లాగిన్ అయిన వాటిలో, డివైస్ ఎన్‌క్రిప్షన్ (డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్) దానంతట అదే ఆన్ అయి ఉంటుంది. సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న బూట్ ఫైళ్లనే లేవనిచ్చే బయాస్ సెట్టింగు) ఆపినా, బూట్ ఫైళ్లు మార్చినా, ఒక్కోసారి గ్రబ్ మీదుగా విండోస్ లేపినా నీలం స్క్రీన్ మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే నిజంగానే డేటా పోయినట్టు. ఫోన్‌లో అదే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి, డివైసుల కింద రికవరీ కీని చూసి, కాగితం మీద రాసి పక్కన పెట్టుకున్నాకే ముందుకు వెళ్లండి. ల్యాప్‌టాప్‌లో కాలేజీ వాళ్లిచ్చిన మెయిల్‌తో లాగిన్ అయి ఉంటే కీ ఆ అకౌంట్‌లో ఉండొచ్చు, సొంత జీమెయిల్‌లో ఎంత వెతికినా దొరకదు.

టూల్ నడిపే తీరు

బూట్ రిపేర్‌ను ఉబుంటు లైవ్‌లో (డిస్కులో ఎక్కించకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లినక్స్) విడిగా పీపీఏ (ఉబుంటుకు అదనపు సాఫ్ట్‌వేర్ దొరికే చోటు) నుంచి ఎక్కించుకోవాలి. లినక్స్ మింట్ లైవ్‌లో ముందే ఉంటుంది, మెనూలో అడ్మినిస్ట్రేషన్ కింద. అందుకే మింట్ మేలు. దాని ఐఎస్ఓ (డౌన్‌లోడ్ చేసుకునే ఫైలు) మూడు జీబీకి దగ్గర, 8 జీబీ పెన్‌డ్రైవ్ సరిపోతుంది. ఇంకో విండోస్ మిషన్‌లో రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో దాన్ని పెన్‌డ్రైవ్ మీద రాసేటప్పుడు జీపీటీ (కొత్త రకం పార్టిషన్ పట్టిక), యూఈఎఫ్ఐ ఎంచుకోండి. వెంటాయ్ (ఐఎస్ఓలను నేరుగా లేపే టూల్) పెన్‌డ్రైవ్ ఉన్నవాళ్లు ఐఎస్ఓను కాపీ చేసుకుంటే చాలు.

బూట్ మెనూలో పెన్‌డ్రైవ్ పేరు రెండుసార్లు కనబడితే ముందు యూఈఎఫ్ఐ అని ఉన్నదే ఎంచుకోవాలి. ఈ ఒక్క చోట తప్పు జరిగితే తర్వాత చేసేదంతా వృథా. లైవ్ లేచాక ఫైల్ మేనేజర్‌లో సిస్, అందులో ఫర్మ్‌వేర్, అందులో ఈఎఫ్ఐ ఫోల్డర్ ఉందో లేదో చూడండి. లేదంటే మీరు లెగసీలో లేచారు. బూట్ రిపేర్ కూడా "ప్రస్తుత సెషన్ లెగసీలో ఉంది, ఈఎఫ్ఐ సెషన్‌లో వాడండి" అని హెచ్చరిస్తుంది గానీ, చాలామంది చదవకుండా ఓకే కొడతారు.

ఇంటర్నెట్ కావాలి. లైవ్‌లో కొన్ని రియల్‌టెక్, బ్రాడ్‌కామ్ వైఫై కార్డులు పనిచేయవు. ఫోన్‌ను కేబుల్‌తో పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయడం అన్నిటికంటే నమ్మకం. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టండి, డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ మీద పెట్టండి. ఎందుకో కింద తెలుస్తుంది.

టూల్ తెరవగానే రెండు మూడు నిమిషాలు డిస్కులన్నీ వెతుకుతుంది. తర్వాత వచ్చే విండోలో అందరి కన్నూ పడేది "రికమెండెడ్ రిపేర్" అనే పెద్ద బటన్ మీద. దాని కింద చిన్నగా ఉండే "క్రియేట్ ఎ బూట్ఇన్ఫో సమ్మరీ" నిజానికి ఈ టూల్‌లో అన్నిటికంటే విలువైన భాగం. ముందు అదే నొక్కండి. ఏ పార్టిషన్ ఎక్కడుంది, వాటి యూయూఐడీలు (గుర్తింపు నంబర్లు), ఈఎస్‌పీలో (బూట్ ఫైళ్లుండే పార్టిషన్) ఏ ఫోల్డర్లున్నాయి, మదర్‌బోర్డులో ఏ పేర్లు ఏ వరుసలో ఉన్నాయి, అన్నీ ఒక్క ఫైలులో పెడుతుంది. ఆ రిపోర్టును ఆన్‌లైన్‌లో పెట్టమంటారా అని అడిగితే, అందులో మీ ఫైళ్లు ఉండవు గానీ డిస్కు నక్షా మొత్తం ఉంటుంది. ఇష్టం లేకపోతే నో కొట్టి పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి.

రిపోర్టులో చూడాల్సింది ఈఎస్‌పీ. ఫ్యాట్32 లో ఉండే చిన్న పార్టిషన్ అది, విండోస్ తానే చేసుకున్నదైతే ఎక్కువగా 100 ఎంబీ. అందులో ఈఎఫ్ఐ ఫోల్డర్ కింద మైక్రోసాఫ్ట్, ఉబుంటు అని రెండు ఫోల్డర్లుండాలి. ఉబుంటు ఫోల్డరే లేకపోయినా, అది ఉండి మదర్‌బోర్డు జాబితాలో పేరు లేకపోయినా, బూట్ రిపేర్ సరిగ్గా ఆ పని కోసం పుట్టింది. రికమెండెడ్ రిపేర్ నిశ్చింతగా నొక్కండి. మైక్రోసాఫ్ట్ ఫోల్డర్ లేకపోతే, లేదా ఉన్నా విండోస్ లేవకపోతే, ఈ టూల్ మూసేసి కింది విండోస్ భాగానికి వెళ్లండి.

బటన్ నొక్కాక కొన్ని మిషన్లలో టూల్ తనే పని పూర్తి చేయదు. టెర్మినల్ తెరిచి ఈ కమాండ్ అతికించండి అని ఒక్కోటిగా ఇస్తుంది. మొదటిది పాత గ్రబ్ ప్యాకేజీలను పీకేస్తుంది, తర్వాతది కొత్తవి ఎక్కిస్తుంది. మధ్యలో టెర్మినల్‌లోనే గ్రబ్‌ను తీసేయాలా అని ఒక పెట్టె అడుగుతుంది. మౌస్ పనిచేయదు, ట్యాబ్ కీతో యెస్ మీదికి వెళ్లి ఎంటర్ కొట్టాలి. భయపడి నో అంటే రిపేర్ అక్కడే ఆగుతుంది. పీకడానికీ ఎక్కించడానికీ మధ్య నెట్ పోయినా కరెంటు పోయినా, లోపల గ్రబ్ అనేదే ఉండదు. చార్జర్, టెథరింగ్ అన్నది ఇందుకే. అంత జరిగినా లినక్స్ డేటా పోదు. మళ్లీ లైవ్‌లో లేచి రూట్ పార్టిషన్‌ను, దాని మీద ఈఎస్‌పీని మౌంట్ చేసి, డెవ్, ప్రాక్, సిస్, రన్‌లను బైండ్ చేసి, క్రూట్‌తో (లైవ్ నుంచే డిస్కులోని లినక్స్‌లోకి) వెళ్లి గ్రబ్ ప్యాకేజీలు ఎక్కించి గ్రబ్ ఇన్‌స్టాల్, అప్‌డేట్ గ్రబ్ నడపాలి. కొత్తవాళ్లకు కష్టమే. కానీ తెలిసినవాళ్లకు పది నిమిషాల పని, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ దాకా బస్సెక్కాల్సింది కాదు.

చివర్లో "బూట్ సక్సెస్‌ఫుల్లీ రిపేర్డ్" అని వస్తుంది. దాన్ని పూర్తిగా నమ్మకండి. టూల్ తన కమాండ్లలో తప్పు రాలేదని చెబుతోందంతే, మిషన్ లేస్తుందని కాదు. దాని కిందే చిన్నగా, ఫలానా పార్టిషన్‌లోని షిమ్ ఎక్స్64 ఫైలు నుంచి లేచేలా బయాస్‌ను సెట్ చేసుకోవడం మరవొద్దు అని ఉంటుంది. సగం మంది ఆగిపోయేది ఆ వరుస దగ్గరే. ఏసర్‌లో అది ఇంకో మెలిక. బయాస్‌లో సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ పెడితే తప్ప "యూఈఎఫ్ఐ ఫైలును నమ్మదగినదిగా ఎంచుకో" అనే ఆప్షన్ వెలగదు. పాస్‌వర్డ్ పెట్టి, ఆ ఫైలు ఎంచుకుని, కొత్త పేరును పైకి జరిపి, తర్వాత పాస్‌వర్డ్ తీసేయొచ్చు. పెట్టి మర్చిపోతే మాత్రం అసలు తలనొప్పి అప్పుడు మొదలవుతుంది.

అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో విండోస్ ఈఎఫ్ఐ ఫైళ్ల పేరు మార్చే టిక్ కనబడితే దాని జోలికి వెళ్లకండి. విండోస్ అసలు బూట్ ఫైలును పక్కకు జరిపి, ఆ పేరుతో లినక్స్ ఫైలును పెడుతుంది. మొండి బయాస్‌ల కోసం చేసిన ఉపాయమది. తర్వాతి విండోస్ అప్‌డేట్ తన ఫైలును మళ్లీ రాసేస్తుంది, రెండూ కలగాపులగం అవుతాయి. ఈ టూల్‌కు మార్కులు తగ్గించడానికి పెద్ద కారణం ఇదే, ఇంత ప్రమాదమైన టిక్ మామూలు టిక్‌ల పక్కన కూర్చుంటుంది.

ఎస్‌బ్యాట్ అని వస్తే

"వెరిఫైయింగ్ షిమ్ ఎస్‌బ్యాట్ డేటా ఫెయిల్డ్" అని చూపించి మిషన్ ఆగిపోతుంటే కారణం వేరు. ఎస్‌బ్యాట్ అంటే చెల్లని పాత బూట్ ఫైళ్లను లేవనివ్వకుండా ఆపే వెర్షన్ లెక్క. 2024 ఆగస్టు 13 నాటి విండోస్ అప్‌డేట్ పాత షిమ్ ఫైళ్లను చెల్లనివిగా గుర్తుపెట్టింది. డ్యూయల్ బూట్ మిషన్లను వదిలేస్తామని మైక్రోసాఫ్ట్ అంది గానీ ఆ అప్‌డేట్ కొన్నింటిని గుర్తించలేకపోయింది. 2025 మే అప్‌డేట్లలో సరిచేశారు, కానీ అప్పటికే దెబ్బతిని మూలన పడ్డ మిషన్ దానంతట అది లేవదు. ఇక్కడ పాత లైవ్ పెన్‌డ్రైవ్ కూడా అదే మాట చెప్పి ఆగిపోతుంది, దాంతో పెన్‌డ్రైవే చెడిందనుకుంటారు. రికవరీ కీ చేతిలో పెట్టుకుని, బయాస్‌లో సెక్యూర్ బూట్ ఆపి, లినక్స్‌లోకి వెళ్లండి. టెర్మినల్‌లో మోక్‌యూటిల్ అనే కమాండ్‌తో ఎస్‌బ్యాట్ పాలసీని డిలీట్ అని సెట్ చేసి, షిమ్ ప్యాకేజీని అప్‌డేట్ చేసి, రీస్టార్ట్ చేసి మళ్లీ ఒకసారి లినక్స్‌లోకే లాగిన్ అవ్వాలి. ఆ తర్వాతే సెక్యూర్ బూట్ ఆన్ చేయాలి. మధ్యలో ఆ ఒక్క లాగిన్ ఎగ్గొడితే మళ్లీ మొదటికే వస్తుంది.

విండోస్ వైపు దారి పోతే

గేముకు జాగా కావాలని విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో లినక్స్ పార్టిషన్ డిలీట్ చేస్తే మరుసటి రోజు గ్రబ్ ప్రాంప్ట్ వస్తుంది. హాస్టళ్లలో తరచూ కనబడేది ఇదే. విండోస్‌కు ఏమీ కాలేదు. ఆ ప్రాంప్ట్ దగ్గర ఎగ్జిట్ అని కొట్టండి, లేదా ఎఫ్9, ఎఫ్12 తో విండోస్ బూట్ మేనేజర్ ఎంచుకోండి, లేస్తుంది. తర్వాత బూట్ ఆర్డర్ మార్చుకుంటే సరి. పాత లెగసీ మిషన్ అయితే "గ్రబ్ రెస్క్యూ" అని వస్తుంది. దానికి విండోస్ పెన్‌డ్రైవ్ నుంచి బూట్‌రెక్ స్లాష్ ఫిక్స్ఎంబీఆర్ నడపాలి.

మైక్రోసాఫ్ట్ బూట్ ఫైళ్లే చెడితే కూడా విండోస్ ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్ పెట్టి, మొదటి స్క్రీన్‌లో షిఫ్ట్ ఎఫ్10 కొట్టండి. డిస్క్‌పార్ట్ (విండోస్ పార్టిషన్ టూల్) లోకి వెళ్లి లిస్ట్ వాల్యూమ్ కొట్టండి. ఫ్యాట్32 లో 100 లేదా 260 ఎంబీ ఉన్నదాన్ని సెలెక్ట్ చేసి, అసైన్ లెటర్ ఎస్ ఇచ్చి బయటికి రండి. పెన్‌డ్రైవ్ కూడా ఫ్యాట్32 లో ఉంటుంది కాబట్టి సైజు చూసే ఎంచుకోవాలి. ఇక్కడ విండోస్ ఉన్న డ్రైవ్ సీ కాకుండా డీ, ఈ అయి ఉండొచ్చు, డిర్ కొట్టి చూసుకోండి. తర్వాత బీసీడీబూట్, విండోస్ ఫోల్డర్ పాత్, స్లాష్ ఎస్ అని ఎస్ డ్రైవ్, స్లాష్ ఎఫ్ అని యూఈఎఫ్ఐ. "బూట్ ఫైల్స్ సక్సెస్‌ఫుల్లీ క్రియేటెడ్" అని రావాలి. బూట్‌రెక్ ఫిక్స్‌బూట్ కొట్టి "యాక్సెస్ ఈజ్ డినైడ్" చూసి కంగారు పడక్కర్లేదు, యూఈఎఫ్ఐ మిషన్‌లో ఆ కమాండ్‌తో పనే లేదు. కొన్ని వీడియోల్లో ఈఎస్‌పీని ముందు ఫార్మాట్ చేయమని చెబుతారు. డ్యూయల్ బూట్‌లో అది చేస్తే పక్కనున్న ఉబుంటు ఫోల్డర్ కూడా తుడిచిపెట్టుకుపోతుంది. బీసీడీబూట్ తర్వాత విండోస్ వరుసలో పైకి వస్తుంది, లినక్స్ కనబడటం లేదని మళ్లీ గాబరా పడకుండా ఆర్డర్ మార్చుకోండి.

నిన్నటిదాకా రెండూ పనిచేసి, బయాస్ అప్‌డేట్ అయ్యాక గానీ డెస్క్‌టాప్‌లో సీఆర్ 2032 సెల్లు అయిపోయి సెట్టింగులు డిఫాల్ట్‌కు వెళ్లాక గానీ విండోస్ "ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్" అంటూ, బూట్ రిపేర్‌కు డిస్కే దొరకకపోతే, బయాస్‌లో సాటా మోడ్ (డిస్కుతో మాట్లాడే పద్ధతి) చూడండి. ఏహెచ్‌సీఐ కాస్తా రెయిడ్ అయి ఉంటుంది. వెనక్కి మార్చడం ఒక నిమిషం పని. ఇలాంటి మిషన్‌కే ఎస్ఎస్‌డీ పోయిందని చెప్పి కొత్తది అంటగట్టడం కూడా జరుగుతుంది.

ఇవన్నీ చేసుకునే ఓపిక లేక షాపుకే వెళ్తే తప్పేం లేదు. రెండు మాటలు మాత్రం ముందే చెప్పండి: "అన్నా, ఫార్మాట్ వద్దు, బూట్ ఫైల్స్ ఒక్కటే సెట్ చెయ్. డిస్క్‌పార్ట్‌ల క్లీన్ కొట్టకు." తిరిగి ఇచ్చేటప్పుడు అక్కడే నిలబడి రెండు ఓఎస్‌లూ ఒక్కోసారి లేపి చూడండి, విండోస్‌లో అను స్క్రిప్ట్ తెరిచి పాత మ్యాటర్ ఒకటి ఓపెన్ చేయండి. గడియారం ఐదున్నర గంటలు తేడా చూపిస్తే అది షాపు తప్పు కాదు. లినక్స్ బయాస్ టైమును యూటీసీగా (గ్రీన్విచ్ టైముగా) చదువుతుంది, విండోస్ మన టైముగా చదువుతుంది. లినక్స్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్ లోకల్ ఆర్‌టీసీ 1 అని (సెట్, లోకల్, ఆర్‌టీసీల మధ్య హైఫన్లతో) ఒక్కసారి కొడితే సర్దుకుంటుంది.